పెద్ద పార్కులో నడకదారి బోర్డులను సరిచేయడం ఎలా? కేబీఆర్ పార్కు ఉదాహరణతో సమగ్ర మార్గదర్శి

పెద్ద పార్కులో జనం దారి తప్పుతున్నారంటే బోర్డులు చాలడం లేదని అనుకోవడం సహజం. ఎక్కువ చోట్ల బోర్డులకు కొదవేమీ ఉండదు. బాట రెండుగా చీలే చోట ఒక్కటీ ఉండదు, చీలిక దాటి ఇరవై అడుగులు నడిచాక కొమ్మల చాటున ఒకటి కనిపిస్తుంది. అందుకే ఈ పని కొత్త బోర్డులు రాయించడంతో మొదలుకాకూడదు. ఉన్నవాటిని లెక్కపెట్టి, అక్కరలేనివాటిని తీసేసి, నడిచేవారు ఏ చోట ఆగి అటూ ఇటూ చూస్తున్నారో తెలుసుకున్న తరువాతే ప్రింటింగ్ షాపు గడప తొక్కాలి.

వాకర్స్ అసోసియేషన్లు, కాలనీ సంక్షేమ సంఘాలు, పార్కు సిబ్బంది ఈ పనిని ఏ వరుసలో చేయాలని తరచూ అడుగుతున్నందున దీనిని మెట్లుగా రాస్తున్నాను. ఉదాహరణగా హైదరాబాద్‌లోని కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనాన్ని, అంటే అందరూ కేబీఆర్ పార్కు అని పిలిచేదాన్ని, తీసుకున్నాను. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ మధ్య సుమారు 390 ఎకరాల్లో ఉన్న ఈ పార్కులో రాతి గుండ్లు, పొదలు, ఎత్తుపల్లాలు చూపుకు అడ్డం వస్తాయి. ఉదయం, సాయంత్రం మసక వెలుతురులో నడిచేవారే ఎక్కువ. జాతీయ ఉద్యానవనం కనుక నియమాలూ కఠినమే. ఇక్కడ పనికొచ్చే పద్ధతి తక్కిన పార్కుల్లో ఇంకా సులువుగా పనికొస్తుంది.

1. ముందుగా అనుమతి: పార్కు ఎవరి చేతిలో ఉంది?

పార్కులన్నీ ఒకే శాఖ కింద ఉండవు. హైదరాబాద్‌లోనే ఇందిరా పార్కు నగరపాలక సంస్థ చేతిలో, సంజీవయ్య పార్కు హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చేతిలో, కేబీఆర్ పార్కు అటవీ శాఖ చేతిలో ఉన్నాయి. విశాఖపట్నంలోని కంబాలకొండ అభయారణ్యం కూడా అటవీ శాఖదే. అర్జీ ఎవరికి పెట్టాలో తెలియకుండా మొదలుపెట్టిన పని సగంలో ఆగిపోతుంది.

కేబీఆర్ పార్కును 1998లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు కనుక దానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. గుంత తవ్వాలన్నా, కొమ్మ కొట్టాలన్నా, పాత స్తంభాన్ని పెకలించాలన్నా అటవీ అధికారుల రాతపూర్వక అనుమతి ఉండి తీరాలి. ముఖ్యంగా సరిహద్దు గుర్తుల జోలికి పోకూడదు. పాత బోర్డులను తొలగించే ఉత్సాహంలో వాలంటీర్లు సరిహద్దు రాయిని పనికిరాని రాయి అనుకుని కదిలిస్తే అది చట్టం ముందు చిన్న విషయం కాదు.

అర్జీలో ఈ క్రింది వివరాలు ఉంటే అధికారి తిరిగి ప్రశ్నలు అడగవలసిన అవసరం తగ్గుతుంది:

- ఏ బాటల మీద పని జరుగుతుంది, ఏ బాటలను ముట్టుకోము
- ఎన్ని పాత బోర్డులు తీస్తాము, ఎన్ని కొత్తవి పెడతాము (తీసేవి ఎక్కువ ఉంటే ఆ సంగతి మొదటి వాక్యంలోనే రాయండి)
- గుంతల లోతు, సిమెంటు వాడకం, పని జరిగే వేళలు
- పక్షులు గూడుపెట్టే కాలంలో ఏ పనులు ఆపుతాము
- తరువాతి నిర్వహణ ఎవరిది, ఖర్చు ఎవరిది

చివరి అంశాన్ని చాలా సంఘాలు దాటవేస్తాయి. బోర్డు పెట్టడానికి దాత దొరుకుతాడు, దాన్ని తుడవడానికి దొరకడు. దాత పేరు బోర్డు మీద వేయవలసివస్తే దాని పరిమాణాన్ని కూడా అర్జీలోనే తేల్చుకోవాలి. లేకపోతే బాణం గుర్తు కంటే దాత పేరు పెద్దదవుతుంది.

2. ఉన్న బోర్డుల లెక్క

ఒక నోటుపుస్తకం, ఫోన్ కెమెరా, కొలత టేపు ఉంటే చాలు. ప్రతి బాటనూ రెండు వైపుల నుంచీ నడవాలి, ఎందుకంటే గేటు వైపు నుంచి వచ్చేవారికి చక్కగా కనిపించే బోర్డు ఎదురుగా వచ్చేవారికి ఖాళీ రేకుగానే కనిపిస్తుంది. అలాగే ఒకసారి పూర్తి వెలుతురులో, ఒకసారి మసక వెలుతురులో నడవాలి. వానాకాలంలో ఇంకోసారి నడవగలిగితే మరీ మంచిది. ఎండాకాలంలో బోసిగా ఉండి బోర్డును చూపించిన పొద, ఆగస్టు నాటికి దాన్ని పూర్తిగా కప్పేస్తుంది.

ప్రతి బోర్డుకూ ఒక వరుస సంఖ్య ఇచ్చి ఈ వివరాలు రాసుకోండి:

- ఉన్న చోటు, ఫోన్‌లో కనిపించే అక్షాంశ రేఖాంశాలు (దశాంశం తరువాత అయిదు అంకెలు రాయండి, అయిదవ అంకె విలువ సుమారు ఒక మీటరు, కానీ చెట్ల కింద ఫోన్ అంతకంటే ఎక్కువే తప్పవచ్చు)
- మీద రాసి ఉన్న మాటలు, అక్షరదోషాలతో సహా ఉన్నది ఉన్నట్టుగా
- ఎంత దూరం నుంచి చదవగలుగుతున్నాము
- స్తంభం, రేకు, రంగుల స్థితి
- చెట్టుకు మేకు కొట్టి గానీ తీగ చుట్టి గానీ ఉందా
- నిర్ణయం: ఉంచాలి, కదపాలి, మార్చాలి, తీసేయాలి

నిర్ణయం దగ్గర నిర్మొహమాటంగా ఉండాలి. కాలం చెల్లిన ప్రారంభోత్సవ ఫలకాలు, ఒకే నిషేధాన్ని నాలుగు చోట్ల చెప్పే బోర్డులు, మూసేసిన దారిని చూపే బాణాలు దారి చూపకపోగా పనికొచ్చే బోర్డు నుంచి చూపును మళ్లిస్తాయి. చెట్లకు కొట్టిన బోర్డులను మాత్రం ఏ చర్చా లేకుండా తీసేయాలి. మేకు బెరడును చీల్చి పురుగుకూ తెగులుకూ దారి ఇస్తుంది. చుట్టూ బిగించిన తీగ చెట్టు లావెక్కే కొద్దీ బెరడులోకి దిగిపోతుంది. బాగా లోపలికి దిగిన తీగను బలంగా లాగవద్దు, బయట కనిపించినంతవరకు కత్తిరించి వదిలేయండి.

3. కొత్త మనిషిని నడిపించి చూడటం

రోజూ నడిచేవారు ఈ పరీక్షకు పనికిరారు. వారికి బోర్డు అవసరం లేదు, అది లేదన్న సంగతీ వారికి కనబడదు. పార్కును ఎన్నడూ చూడని నలుగురైదుగురిని పిలవండి. వారిలో తెలుగు మాత్రమే చదివేవారు ఒకరు, ఉర్దూ గానీ హిందీ గానీ చదివేవారు ఒకరు, కళ్లజోడు పెట్టుకునే పెద్దవారు ఒకరు ఉండేలా చూసుకోవాలి.

ఒక్కొక్కరికీ ఒక పని ఇవ్వండి: "ఈ గేటు నుంచి బయలుదేరి తాగునీటి కుళాయి దగ్గరకు వెళ్లి, మరో గేటు గుండా బయటికి రండి." మీరు నాలుగడుగులు వెనక నడవాలి, ఏమీ చెప్పకూడదు, కళ్లతో కూడా సైగ చేయకూడదు. వారు నడక తగ్గించిన చోటు, తల తిప్పిన చోటు, వెనక్కి వచ్చిన చోటు, ఎదురొచ్చిన వారిని అడిగిన చోటు మ్యాపు మీద గుర్తుపెట్టుకోండి. దారి తప్పినా వెంటనే సరిదిద్దవద్దు. తప్పు దారిలో ఎంతదూరం వెళ్లాక అనుమానం వచ్చిందన్నది చాలా విలువైన సమాచారం.

ఇద్దరు ముగ్గురు ఒకేచోట తడబడితే అక్కడ బోర్డు కావాలి. ఒక్కరూ తడబడని చోట, అది ఎంత పెద్ద కూడలి అయినా, దారి చూపే బోర్డు అక్కరలేదు, తరువాతి మెట్టులో చెప్పే కూడలి సంఖ్య ఉంటే చాలు. కమిటీలో ఎవరెంత వాదించినా ఈ మ్యాపునే ప్రమాణంగా తీసుకోవాలని నా అభిప్రాయం.

4. బాటలకు పేర్లు, కూడళ్లకు సంఖ్యలు

బోర్డు రాయాలంటే ముందు బాటకు పేరుండాలి. పేరు రెండు మూడు మాటలకు మించకూడదు, ఆ బాటలో నిజంగా కనిపించే దానిని బట్టి ఉండాలి. చుట్టూ తిరిగి మొదటికే వచ్చే బాట "పెద్ద చుట్టు", అందులో చిన్నది "చిన్న చుట్టు", గుండ్ల మధ్య నుంచి పోయేది "గుండ్ల బాట" అంటే చిన్నపిల్లలకైనా గుర్తుంటుంది. కేబీఆర్ పార్కులో చిరాన్ ప్యాలెస్ వంటి అందరికీ తెలిసిన కట్టడం ఉన్నప్పుడు దాని పేరును గమ్యంగా వాడుకోవడం మంచిది. వాకర్స్ నోట ఇప్పటికే ఒక పేరు నలుగుతూ ఉంటే అదే ఖాయం చేయండి. కాగితం మీద కొత్తగా పుట్టించిన పేర్లు నోటికెక్కవు.

ప్రతి బాటకూ ఒక రంగు, ఆ రంగుతో పాటు ఒక ఆకారం ఇవ్వాలి: పసుపు వృత్తం, నీలం చతురస్రం, తెల్ల త్రిభుజం అన్నట్టుగా. రంగు ఒక్కటే సరిపోదు, ఎందుకంటే ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడా తెలియని మగవారు తక్కువేమీ కారు, తెల్లవారుజామున ఎవరికైనా ముదురు రంగులన్నీ ఒకటిగానే కనిపిస్తాయి. నాలుగు బాటలకు మించి రంగులు పంచవద్దు.

కూడళ్లకు సంఖ్యలివ్వడం ఇంతకంటే ముఖ్యం. మూడు దారులు కలిసే ప్రతి చోటికీ 1 నుంచి వరుసగా ఒక సంఖ్య ఇచ్చి, దానిని ఆ చోటి స్తంభం మీదా, మ్యాపు మీదా ఒకేలా వేయాలి. ఎవరికైనా ఛాతీనొప్పి వచ్చినప్పుడో, కాలు మడతపడినప్పుడో "పెద్ద చెట్టు దగ్గర ఉన్నాం" అని చెబితే ఆ అడవిలో ఎవరికి అర్థమవుతుంది? "కూడలి 14 దగ్గర ఉన్నాం" అంటే గేటు సిబ్బంది నేరుగా రాగలుగుతారు. స్తంభం మీద ఆ సంఖ్య కింద 108, 112 నంబర్లతో పాటు పార్కు గేటు ఫోన్ నంబరూ ఉండాలి.

అయితే ఆ సంఖ్యలు స్తంభాల మీద మాత్రమే ఉంటే ప్రయోజనం లేదు. కూడలి సంఖ్య, అక్షాంశ రేఖాంశాలు, అక్కడికి అంబులెన్సు రాగల దగ్గరి గేటు, ఈ మూడూ ఉన్న పట్టికను ప్రతి గేటులోనూ గోడకు అంటించాలి. ఒకసారి ఇచ్చిన సంఖ్యలను తిరిగి మార్చవద్దు. మధ్యలో కొత్త కూడలి ఏర్పడితే దానికి చివరి సంఖ్య తరువాతి సంఖ్య ఇవ్వండి. వరుస తప్పినా ఫరవాలేదు, ఒకే సంఖ్యకు పాత చోటు ఒకటి, కొత్త చోటు ఒకటి ఉండటమే ప్రమాదం.

5. ఏ చోట ఏ బోర్డు?

నడకదారికి కావలసిన బోర్డులు నాలుగు రకాలు.

మొదటిది గేటు బోర్డు. మ్యాపు, బాటల పొడవు, పట్టే సమయం, వేళలు, నియమాలు అన్నీ ఇక్కడే ఉండాలి. జనం ఆగి చదివే చోటు ఇదొక్కటే.

రెండవది కూడలి స్తంభం. ఇందులో గమ్యాలు, బాణాలు, దూరాలు, కూడలి సంఖ్య, దాని కింద పైన చెప్పిన ఫోన్ నంబర్లు తప్ప మరేమీ ఉండకూడదు. దీనిని చీలికకు ముందు, నడిచేవారు దిక్కు మార్చుకోవలసిన చోటు కంటే అయిదారు అడుగుల ఇవతల, బాట అంచు నుంచి రెండు అడుగుల దూరంలో పెట్టాలి.

మూడవది భరోసా గుర్తు. చీలిక దాటిన తరువాత యాభై అరవై అడుగుల్లో, బాట రంగు, ఆకారం మాత్రమే ఉన్న అరచేయంత బిళ్ల. "సరైన దారిలోనే ఉన్నాను" అని తెలిస్తే మనిషి వెనక్కి తిరగడు. పొడవైన బాటలో చీలికలు లేకపోయినా మధ్యమధ్య ఒకటి పెట్టవచ్చు. నాలుగింటిలోనూ ఖర్చు తక్కువ, ఉపయోగం ఎక్కువ ఉన్నది ఇదే, అందరూ మరచిపోయేదీ ఇదే.

నాలుగవది హెచ్చరిక. నిజంగా ప్రమాదం ఉన్న చోట, ప్రమాదానికి కొంచెం ముందు మాత్రమే పెట్టాలి. వానకు జారే బండ దగ్గర "బండ జారుతుంది" అన్న బోర్డు మంచిది. అదే మాటను గేటు దగ్గర రాస్తే అక్కడికి చేరేసరికి ఎవరికీ గుర్తుండదు.

జనం తొక్కి తొక్కి చేసిన అడ్డదారులకు "ఇది దారి కాదు" అని బోర్డు పెట్టడం దండగ. ఆ బోర్డే అక్కడ ఒక దారి ఉందని చాటుతుంది. అధికారుల అనుమతితో, పడిపోయిన కొమ్మలను, ముళ్లకంపను దాని మొదట్లో అడ్డంగా వేయండి, అసలు బాట మీద ఒక భరోసా గుర్తు పెట్టండి. రెండు వానలు పడితే అడ్డదారి మీద గడ్డి మొలుస్తుంది.

6. బోర్డు మీద రాత

నడుస్తూ చదివేది కనుక ఒక కూడలి స్తంభం మీద నాలుగు గమ్యాలకు మించి రాయకూడదు. వరుస ఎప్పుడూ ఒకటే ఉండాలి: ముందు నేరుగా వెళ్లేవి, తరువాత ఎడమవి, చివర కుడివి. నేరుగా అన్నదానికి పైకి చూపే బాణమే వాడాలి. కిందికి చూపే బాణం చూసి కొందరు వెనక్కి తిరుగుతారు.

దూరంతో పాటు సమయం రాయడం మనవారికి ఎక్కువ ఉపయోగం. సమతలం మీద మామూలు నడకకు కిలోమీటరుకు 15 నిమిషాలు లెక్క వేయండి, అంటే గంటకు 4 కిలోమీటర్లు. ఎక్కుడు ఉన్న చోట, పెద్దవారు ఎక్కువగా నడిచే బాటలో ఇంకో అయిదు నిమిషాలు కలపండి. దూరాన్ని మ్యాపు మీద తాడు పెట్టి కొలవకుండా కొలత చక్రంతో నడిచి కొలవాలి. ఫోన్‌లోని జీపీఎస్ చెట్ల కింద, గుండ్ల మధ్య అటూ ఇటూ దూకి దూరాన్ని ఎక్కువ చూపించడం మామూలే.

మాటల విషయంలో ఒక ఉదాహరణ. "సందర్శకులకు విజ్ఞప్తి: ఉద్యానవనములోని వన్యప్రాణులకు ఎటువంటి ఆహార పదార్థములను వేయరాదని మనవి" అన్న వాక్యాన్ని ఆగి చదివేవారు ఉండరు. "నెమళ్లకు తిండి వేయకండి" అంటే నడుస్తూనే చదివేస్తారు. "ప్రవేశ ద్వారము" కంటే "గేటు", "శౌచాలయము" కంటే "టాయిలెట్లు" మేలు. జనం నోట ఉన్న మాటే బోర్డు మీదా ఉండాలి.

అక్షరం ఎత్తుకు ఒక మోటు లెక్క ఉంది: ఎంత దూరం నుంచి చదవాలో దానిలో 200వ వంతు. అయిదు మీటర్ల నుంచి చదవవలసిన కూడలి స్తంభం మీద అక్షరం 25 మిల్లీమీటర్లు, పది మీటర్ల నుంచి కనబడవలసిన గేటు పేరు 50 మిల్లీమీటర్లు. తెలుగులో ఈ ఎత్తును తలకట్టు, వత్తులు కలపకుండా అక్షరం ఒంటికి మాత్రమే కొలవాలి. అలా కొలవకపోతే పై గుడి నుంచి కింది వత్తు దాకా కొలిచి "25 ఉందిగా" అంటారు, తీరా చూస్తే అసలు అక్షరం చీమంత ఉంటుంది.

7. మూడు లిపులు ఒకే పలక మీద

పని అసలు చెడేది ఇక్కడే. కేబీఆర్ వంటి పార్కులో తెలుగు, ఇంగ్లీషు తప్పనిసరి. తెలంగాణలో ఉర్దూ రెండవ అధికార భాష కనుక దానికీ చోటు ఉండాలి. మూడు లిపులకూ మూడు స్వభావాలు ఉన్నాయి. ఇంగ్లీషుకు సరిపోయిన పంక్తుల ఎడమే తెలుగుకూ ఇస్తే పై పంక్తి వత్తులు కింది పంక్తి గుడులతో గుద్దుకుంటాయి. ఉర్దూ నస్తాలీఖ్ రాత ఏటవాలుగా దిగుతుంది కనుక దానికి ఇంకా ఎక్కువ ఎత్తు కావాలి.

- తెలుగు పంక్తుల మధ్య, అక్షరం ఎత్తుకు కనీసం అంతే ఎడం ఇవ్వండి.
- తెలుగు పైన, కొంచెం పెద్దగా ఉండాలి. ఇంగ్లీషు దాని కింద చిన్నగా. ఉర్దూ విడి పంక్తిలో కుడి అంచుకు ఆనించి.
- బాణానికి విడిగా ఒక గడి కేటాయించండి. ఎడమ బాణం పలక ఎడమ అంచున, కుడి బాణం కుడి అంచున ఉండాలి.

బాణానికి విడి గడి ఎందుకంటే, తెలుగు ఎడమ నుంచి కుడికి, ఉర్దూ కుడి నుంచి ఎడమకు సాగుతాయి. బాణాన్ని మాటల చివర అతికిస్తే తెలుగు పంక్తిలో ఒక అంచుకు, ఉర్దూ పంక్తిలో మరో అంచుకు చేరుతుంది. డిజైనర్ తొందరలో ఉర్దూ పంక్తిని తిప్పేటప్పుడు బాణం కూడా తిరిగిపోతే, ఒకే పలక రెండు దిక్కులు చూపిస్తుంది.

తరువాతిది ఫాంట్ల గొడవ. మీరు వాట్సాప్‌లో పంపే తెలుగు యూనికోడ్‌లో (ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ గుర్తుపట్టే ఉమ్మడి అక్షర సంకేతాల పద్ధతిలో) ఉంటుంది. డీటీపీ షాపుల్లో ఇప్పటికీ చాలాచోట్ల యూనికోడ్ కాని, పాత తరహా "అను" ఫాంట్లు వాడతారు. ఒకదాని నుంచి మరోదానికి మార్చేటప్పుడు "స్త్రీ", "క్షేమం", "రాష్ట్రం" వంటి మాటల్లో వత్తు విడిపోతుంది, లేదా అక్షరం పక్కకు జరుగుతుంది. తెలుగు రాని ఆపరేటర్‌కు అది కంటికి ఆనదు. అందుకని:

- మాటలను పంపిన తరువాత ప్రూఫును ఫోన్‌లో చూసి సరే అనవద్దు. అసలు సైజులో ఒక కాగితం ప్రింటు అడగండి.
- ప్రూఫును ఇద్దరు చదవాలి. ఒకరు పైకి చదువుతుంటే మరొకరు అసలు ప్రతితో పోల్చాలి.
- ఉర్దూ పంక్తిని ఉర్దూ చదివే వ్యక్తి చేతనే చూపించండి. "బాగానే ఉన్నట్టుంది" అన్నది అంగీకారం కాదు.
- సరిచూసిన ఫైలులో అక్షరాలను కర్వ్స్‌గా (అంటే గీతల బొమ్మలుగా) మార్పించి, ఆ ఫైలు ప్రతిని మీ దగ్గర ఉంచుకోండి. ప్రింటు చేసే కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేకపోయినా అక్షరం చెదరదు.

8. మ్యాపు బోర్డు

ఉత్తరం పైన ఉండటం పుస్తకంలోని మ్యాపుకు సరే. నేలలో పాతిన మ్యాపుకు అది తప్పు. బోర్డు ఎదుట నిలబడిన మనిషికి ముందువైపు ఉన్నది మ్యాపులో పైన ఉండాలి, కుడివైపు ఉన్నది కుడివైపే ఉండాలి. ఒకే మ్యాపును అయిదు గేట్లలో అయిదు దిక్కులకు పెడితే నాలుగు చోట్ల చూసేవాడు తల తిప్పుకుని లెక్క వేసుకోవాలి, ఎక్కువమంది తప్పు లెక్కే వేస్తారు. కనుక ప్రతి గేటుకూ మ్యాపును తిప్పి, అక్షరాలను మాత్రం నిటారుగా తిరిగి అమర్చి, విడివిడిగా ప్రింటు చేయించాలి. ఖర్చు కొంచెం పెరిగినా ఇక్కడ పొదుపు చేయవద్దు. బోర్డు రెండు వైపులా మ్యాపు ఉంటే రెండవ వైపుది 180 డిగ్రీలు తిరిగి ఉండాలి.

"మీరు ఇక్కడ ఉన్నారు" అన్న గుర్తు ఎర్రగా, పెద్దగా ఉండాలి. జనం ఆ చోటిని వేలితో పదేపదే తాకుతారు కనుక ముందుగా చెరిగిపోయేది అదే. దాన్ని విడి స్టిక్కరుగా వేస్తే మార్చడం సులువు. చక్రాల కుర్చీలో ఉన్నవారూ చదవాలి కనుక మ్యాపు మధ్యభాగం నేల నుంచి సుమారు 130 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. బోర్డు ముందు నేల చదునుగా, కుర్చీ ఆగేంత వెడల్పుగా ఉండాలి.

9. స్తంభం, పలక, పునాది

కర్ర అందంగా ఉంటుంది, కానీ మన నేలల్లో చెదలు దాన్ని బతకనివ్వవు. ఇనుప గొట్టం గట్టిదే, కానీ తుక్కు ధర పలుకుతుంది కనుక రాత్రికి రాత్రి మాయమవుతుంది. నా ఓటు రాతి కడీలకు. పొలాల చుట్టూ కంచెకు పాతే ఈ కడీలు తెలంగాణలో సులువుగా దొరుకుతాయి, తుప్పు పట్టవు, చెదలు ముట్టవు, పార్కులోని గుండ్ల మధ్య ఎబ్బెట్టుగా కనబడవు. కూడలి సంఖ్యను రాతి మీదే చెక్కించి రంగు నింపితే పలక పోయినా సంఖ్య మిగులుతుంది.

పలకకు అల్యూమినియం రేకు మంచిది. రెండు పల్చని రేకుల మధ్య ప్లాస్టిక్ ఉండే ఏసీపీ షీటు చవకే, కానీ అంచులు మూయకపోతే నీరు దిగి పొరలు విడిపోతాయి. ఫ్లెక్సీని పరీక్షకు తప్ప వాడవద్దు. పైన మెరిసే లామినేషన్ వేయిస్తే తూర్పుకు తిరిగిన బోర్డు మీద ఉదయపు ఎండ పడి ఒక్క అక్షరం కనబడదు, కనుక మెరుపులేని లామినేషన్ అడగండి, ఎండకు తట్టుకునే యూవీ రకం అడగండి. మన అక్షాంశాల్లో ఏడాదిలో ఎక్కువ భాగం సూర్యుడు దక్షిణం వైపు ఉంటాడు. దక్షిణానికి తిరిగిన బోర్డుల రంగు ముందుగా వెలిసిపోతుంది, అందులోనూ ఎరుపు ముందు పోతుంది. ముదురు ఆకుపచ్చ మీద గానీ ముదురు గోధుమరంగు మీద గానీ తెల్ల అక్షరాలు ఎక్కువకాలం చదవగలిగేలా ఉంటాయి.

మట్టి నేలలో గుంత కనీసం రెండు అడుగుల లోతు ఉండాలి. అడుగున కంకర పరిచి కడీని నిలిపి చుట్టూ రాళ్లతో దట్టించాలి. సిమెంటు అవసరమైతే దాని పైభాగం నేలకు కొంచెం కిందే ఆగాలి. బండ పరచుకున్న చోట డ్రిల్లు పెట్టవద్దు, పది అడుగులు అటో ఇటో మట్టి ఉన్న చోటు వెతకండి.

10. బిగించే ముందు కాగితపు పరీక్ష

అసలు పలకలు చేయించే ముందు మొత్తం సమితిని కాగితం మీద అసలు సైజులో ప్రింటు తీసి, అట్టకు అంటించి, తాత్కాలికంగా నిలబెట్టిన కర్రలకు కట్టండి. మూడవ మెట్టులో చేసిన పరీక్షను కొత్త మనుషులతో మళ్లీ చేయండి. తడబడిన చోట బోర్డును రెండు అడుగులు కదిపి చూడండి. చాలాసార్లు అంతే చాలు, మాటలు మార్చనక్కరలేదు. పరీక్ష ముగిసిన రోజే అట్టలన్నీ తీసి లెక్కచూసుకుని బయటికి తేవాలి.

తరువాత బిగింపు ఈ వరుసలో సాగాలి:

1. కూడలి స్తంభాలు, సంఖ్యలతో సహా
2. భరోసా గుర్తులు
3. హెచ్చరికలు
4. పాత బోర్డుల తొలగింపు
5. చివరగా గేటు మ్యాపులు

మ్యాపు ముందు పెడితే లోపల లేని సంఖ్యలను చూపిస్తుంది. పాత బోర్డులు ముందే తీస్తే మధ్యలో కొన్నాళ్లు ఏ గుర్తూ ఉండదు. ఒక బాట పూర్తి చేసి మరో బాటకు వెళ్లండి. పాతవీ కొత్తవీ ఒకే బాట మీద రోజుల తరబడి కలిసి ఉండకూడదు.

11. తరచూ కనిపించే పొరపాట్లు, వాటికి మందు

బాణం గాలికి తిరిగిపోతుంది: ఒకే బోల్టుతో బిగించినందువల్ల. రెండు బోల్టులు వేసి, నట్టు విప్పలేని రకం వాడండి.

బోర్డు ఉంది, ఎవరూ చూడరు: కంటి ఎత్తుకు పైన ఉంటుంది, లేదా నడిచేవారికి పక్కవాటుగా తిరిగి ఉంటుంది. ఎదురుగా తిప్పండి, మధ్యభాగాన్ని నాలుగున్నర అడుగుల ఎత్తుకు దించండి.

రెండు బోర్డుల్లో దూరాలు పొసగవు: ఒక చోట 1.2 కిలోమీటర్లు, ముందుకు నడిచాక 1.4 అని ఉంటుంది. దూరాలన్నిటినీ ఒకే పట్టికలో రాసి, ఆ పట్టిక నుంచే ప్రింటుకు పంపండి.

గేటు పేరు ఒక్కో బోర్డులో ఒక్కో విధంగా ఉంటుంది: "మెయిన్ గేటు", "ప్రధాన ద్వారం", "గేటు 1" మూడూ ఒకటేనని కొత్తవారికి తెలియదు. ఒక్క పేరు ఖాయం చేసి కడదాకా అదే వాడండి.

క్యూఆర్ కోడ్ మీదే భారం వేస్తారు: లోపల సిగ్నల్ అందకపోవచ్చు, పెద్దవారి చేతిలో ఫోన్ ఉండకపోవచ్చు. చెట్ల వివరాలకు కోడ్ పెట్టుకోవచ్చు, దారికి మాత్రం కాదు.

12. నిర్వహణ

బోర్డుల పట్టికను గేటులో ఒక రిజిస్టరుగా ఉంచి, ప్రతి బాటకూ ఒక మనిషిని బాధ్యుడిని చేయండి. వాకర్స్ అసోసియేషన్ సభ్యులకు ఇది బరువు కాదు, రోజూ నడిచే దారే.

- నెలకోసారి: పక్షి రెట్టలు, దుమ్ము తడిగుడ్డతో తుడవడం, ఇసుకపొడి, యాసిడ్ వాడకూడదు
- జూన్‌లో వానలకు ముందు: స్తంభాలను ఊపి చూడటం, బోల్టులు బిగించడం
- ఆగస్టులో, అక్టోబరులో: బోర్డును కప్పిన కొమ్మల జాబితా రాసి సిబ్బందికి ఇవ్వడం, కొమ్మలను సొంతంగా కొట్టకూడదు
- ఏడాదికోసారి: చెక్కిన సంఖ్యల్లో రంగు నింపడం, కొత్త మనిషితో నడక పరీక్ష మళ్లీ చేయడం
- ఎప్పుడైనా బాట మూసినా మళ్లించినా: ఆ రోజే బాణాన్ని కప్పేయడం, గేటు మ్యాపు మీద స్టిక్కరు అంటించడం

భరోసా బిళ్లలను పది శాతం ఎక్కువ చేయించి గేటు గదిలో దాచండి. విడిగా రెండు మూడు చేయించాలంటే షాపువారు అంత తేలిగ్గా ఒప్పుకోరు, ఒప్పుకున్నా రంగు పాతవాటితో కలవదు.